తమ్ముడి ఆటకు పంచ్

నాందేడ్, భాగ్యనగర్
3 నవంబర్ 2025

బాపమ్మా, నీ కాళ్ళకు దండం పెట్టి దీపాలి రాస్తున్నది.

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఏందీ?" అనడం తప్ప నా మాట ఒక్కటీ నీ చెవిన పడటం లేదు. మెసేజ్ పెడితే నీకంటే ముందు బాపు చదివి ఇంటిల్లిపాదికీ వినిపిస్తున్నాడు. అందుకే నువ్వన్నట్టు కాగితమే నయం. తప్పులుంటే నవ్వుకో గాని దిద్ది తిరిగి పంపకు. తెలుగు అక్షరాలు దిద్దించింది నువ్వే. మరాఠీ బడిలో చదివిన చేతికి ఇంతకంటే గుండ్రంగా రావు.

కళ్ళద్దాల దుకాణంలో నా పని ఎప్పటిలాగే ఉంది. కొత్త సంగతి వేరే. ఆదివారాలు గజానన్ కాకా ఆటసామాన్ల దుకాణంలో 'గఢ్' కార్డుల పోటీలు జరుగుతాయి కదా, వాటికి నన్ను పంచ్‌ను చేశారు. ఆడేవాళ్ళ మధ్య పేచీ వస్తే చెయ్యెత్తి "పంచ్" అని పిలుస్తారు. నేను వెళ్ళి రూలు చెప్తాను. ఇక నా మాటే ఆఖరి మాట. మన ఇంట్లో ఏనాడూ దక్కని భాగ్యం ఇది.

ఆట నీకు తెలియనిదేం కాదు. తన కాలు విరిగి మంచాన పడ్డప్పుడు తమ్ముడు అనికేత్ నీకు నేర్పిందే. ఇప్పుడు నీకొక చిక్కు. కావలివాడి కార్డు మీద ఏముంటుంది? "నేను నిలబడి ఉన్నంతసేపు నా పక్కనున్న మిగతా కార్డులను బల్ల మీది నుంచి ఎవరూ తీయకూడదు." వరద కార్డు మీద ఏముంటుంది? "ఎదుటివాడి కార్డులన్నీ బల్ల మీది నుంచి తీసేయాలి." మరి కావలివాడు ఉండగా వరద వస్తే ఏమవుతుంది? ఆలోచించి రాయి.

పదహారో తారీఖు పెద్ద పోటీ ఉంది. గెలిచినవాళ్ళు పూణే వెళ్ళి ఆడతారు. అనికేత్ పేరు ఇచ్చాడు. బాపుతో అనకు. మెడికల్ పరీక్ష ఉన్న ఏడు కార్డులేమిటని కారం పట్టే గిర్ని దగ్గర నుంచే అరుస్తాడు.

నీ
పంచ్ దీపాలి

*

ధర్మాబాద్
7 నవంబర్

పంచ్ అయిన మనవరాలికి ముత్తెమ్మ దీవెనలు.

మా ఊరి పంచ్‌లను చూశాను, అందరికీ మీసాలుండేవి. నీకు లేకున్నా ఫర్వాలేదు, గొంతు ఉంది.

ఇక్కడ చలి మొదలైంది. కొత్త మిర్చి ఇంకా రాలేదు గాని పాత సరుకు ఆడిస్తున్నారు. గిర్ని నడిచినంతసేపు ఇంట్లో అందరం తుమ్ముతూనే ఉంటాం. మీ అమ్మ మంగళకు మోకాలి నొప్పి తగ్గలేదు, కూర్చోమంటే వినదు. నా తెల్లకోడి పొదుగుతున్నది, దగ్గరికి పోతే పొడుస్తున్నది.

నీ చిక్కుకు జవాబు పెద్ద కష్టమేమీ కాదు. అన్నీ పోతాయి. గోదావరి పొంగి చేన్లలోకి వచ్చినప్పుడు కావలివాణ్ణి అడిగి వచ్చిందా? వాడి గుడిసెతో సహా కొట్టుకుపోయింది. నేనూ అనికేత్ మొదటి నుంచీ అట్లాగే ఆడుకున్నాం. వరద పడిందంటే బల్ల ఖాళీ. మీ పూణేవాళ్ళు వేరే ఏదైనా చెప్తే వాళ్ళు నది చూడలేదన్నమాట.

మీ బాపుకు చెప్పను. వాడు మాత్రం నీకంటే చిన్నవాడు, ఊరు కాని ఊళ్ళో నీ దగ్గరున్నాడు. పోటీ రోజు వాణ్ణి కాస్త చూసుకో.

బాపమ్మ

*

నాందేడ్
17 నవంబర్

బాపమ్మకు,

ఈపాటికి నీ ముద్దుల మనవడు అక్కడికి చేరి ఉంటాడు. నాతో చెప్పకుండా ప్యాసింజర్ ఎక్కాడు. స్టేషన్ నుంచి "ధర్మాబాద్ పోతున్న" అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టాడు. వాడు ఏం చెప్పాడో నాకు తెలియదు. నేను చెప్పేది కూడా విను.

ఆఖరి ఆట దాకా బాగా ఆడాడు. నాకు గర్వంగానే ఉంది. ఆఖరి ఆట గోకుంద నుంచి వచ్చిన పూనమ్ అనే అమ్మాయితో. ఆమె బల్ల మీద ఒక్కరు కాదు, ఇద్దరు కావలివాళ్ళున్నారు. అనికేత్ వరద వేశాడు. వేసి, ఆమె కార్డులన్నీ తీసేయమన్నాడు. ఆమె తీయనంది. పంచ్‌ను పిలిచారు. గజానన్ కాకా వేరే బల్ల దగ్గర పేచీలో ఉన్నాడు. నేనే వెళ్ళాల్సి వచ్చింది.

రూలు చెప్తాను. ఒక కార్డు "చెయ్యాలి" అని, ఇంకొకటి "చెయ్యకూడదు" అని అంటే, "కూడదు" అన్నదే గెలుస్తుంది. ఒక్క కావలివాడే ఉంటే మిగతా కార్డులను కాపాడి తాను కొట్టుకుపోతాడు, ఎందుకంటే వాడి కాపలా "మిగతా" కార్డులకే. ఇద్దరుంటే మొదటివాడు రెండోవాణ్ణి కాస్తాడు, రెండోవాడు మొదటివాణ్ణి కాస్తాడు. వరద ఎవరినీ కదిలించలేదు. నేను అదే చెప్పాను. వరద వృథా అయ్యింది, వాడు ఓడిపోయాడు.

ఓడిపోతే ఇంత అలకా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నా మీద కోపం తెచ్చుకుంటే నేనేం చేసేది? అసలు తప్పు నీది. "వరద పడితే బల్ల ఖాళీ" అని ఇంటి రూలు వాడి బుర్రలో నాటింది నువ్వు. పైగా వాణ్ణి చూసుకోమని నాకు రాస్తావు. పంచ్ అయినాక ఎవరినీ చూసుకోవడం ఉండదు బాపమ్మా. తమ్ముడని ఒక మాట అటు వేస్తే ఆ గోకుంద పిల్ల ఏం కావాలి?

వాణ్ణి వెంటనే పంపించు. క్లాసులు పోతున్నాయి.

దీపాలి

*

ధర్మాబాద్
20 నవంబర్

దీపాలికి,

ఉత్తరం అందింది. చదివాను. రెండోసారి చదవబుద్ధి కాలేదు.

నేను చూసుకోమన్నది అన్నం సంగతి. పోటీ అంటే వాడు పొద్దున్నుంచి ఏమీ తినడు, తినకపోతే తలనొప్పి వస్తుంది. నీకు ఆ ఆలోచనే రాలేదు. బాపమ్మ అంటే తొండి ఆట నేర్పే ముసలిది అనుకున్నావు.

నా ఇంట్లో నా రూలు ఉంటుంది. మంచాన పడి ఏడుస్తున్న పిల్లవాడితో ఆడేటప్పుడు పూణే రూలు నాకెందుకు?

వాడి సంగతి చెప్తాను. వచ్చిన రోజు నుంచి గిర్నిలో కూర్చుంటున్నాడు. నాందేడ్ పోనని, చదువు చాలని మీ బాపుతో చెప్పాడు. మీ బాపు అవునూ అనలేదు, కాదూ అనలేదు. సంచులు మోయడానికి మనిషి దొరికాడని లోపల సంతోషమేమో. మీ అమ్మ మాత్రం కళ్ళు తుడుచుకుంటున్నది. కారం ఘాటని అంటున్నది. డాక్టర్ కావాల్సిన పిల్లవాడు కారం జల్లెడ పడుతుంటే చూడలేక నేను లోపలికి పోతున్నాను.

నీతో ఏమైందని అడిగితే "ఏం గాలే" అంటాడు. ఓడిపోవడం వాడికి కొత్త కాదు. ఇంకేదో ఉంది. నలుగురి ముందు నిజాయితీ చూపించుకోవడానికి నీకు సొంత తమ్ముడే దొరికాడా అని నాకు అనుమానం. ఉన్నమాట అంటే ఉలుకెక్కువ అంటారు. నీకు ఉలుకు వస్తే నా మాట నిజమే.

ముత్తెమ్మ

*

నాందేడ్
24 నవంబర్

బాపమ్మకు,

ముత్తెమ్మ అని సంతకం పెట్టావు. అది చూసి ఏడ్చాను. చూపించుకోవడానికి చేశానన్న మాట కంటే అదే ఎక్కువ తగిలింది.

అన్నం సంగతి నిజం. ఆ పొద్దున నేను బల్లలు సర్దుతూ వాడు తిన్నాడో లేదో అడగలేదు. నీ మాటను తప్పుగా తీసుకున్నాను, మన్నించు.

కానీ తీర్పు సంగతి వేరు. తప్పు తీర్పు చెప్పి ఉంటే ధర్మాబాద్ వచ్చి వాడి గడ్డం పట్టుకుని బతిమాలుకునేదాన్ని. సరైన తీర్పుకు క్షమాపణ ఎట్లా చెప్పాలి? చెప్తే అది అబద్ధం అవుతుంది. చెప్పకపోతే వాడు రాడు. రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తున్నాను, కట్ చేస్తున్నాడు. ఉత్తరం రాద్దామంటే వాడికి తెలుగు చదవడం రాదు, నీ దగ్గర నేర్చుకోమంటే ఆనాడు కోళ్ళ వెంట పరుగెత్తాడు. మరాఠీలో రాయబోతే ఆఫీసు అర్జీలా వస్తున్నది, చించేశాను.

గదిలో వాడి దుప్పటి మడత పెట్టింది పెట్టినట్టే ఉంది. చేయి అలవాటుకొద్దీ ఇద్దరికి బియ్యం పోస్తున్నది. పొద్దున చద్దన్నం నేనే తింటున్నాను. వాడు ఇక్కడుంటే రోజూ పోట్లాడుకునేవాళ్ళం, బకెట్ నీళ్ళ కోసం, ఫ్యాన్ కోసం. ఇప్పుడు ఆ పోట్లాట కోసమే మనసు కొట్టుకుంటున్నది.

ఒక్క పని చెయ్యి. నా మాట నమ్మకు. నువ్వే కార్డులు తీసి వాడితో ఆడు. ఇద్దరు కావలివాళ్ళను నీ ముందు పెట్టుకో. వాడి చేత వరద వేయించు. నేను చెప్పింది న్యాయమో కాదో నీకే తెలుస్తుంది. ఆ తర్వాత నన్ను ఏమన్నా పడతాను.

నీ దీపాలి

*

ధర్మాబాద్
28 నవంబర్

నా తల్లి దీపాలికి బాపమ్మ రాసేది.

నువ్వు చెప్పినట్టే ఆడాను. వరండాలో చాప వేసుకుని కూర్చున్నాం. ఇద్దరు కావలివాళ్ళను పెట్టాను. వాడు వరద కార్డు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. వెయ్యరా అన్నాను. వేసి, నేను కార్డులు తీయబోతుంటే నా చేయి పట్టుకున్నాడు.

"తీయకు బాపమ్మా. ఇద్దరూ ఉంటరు. ఒగన్ని ఒగడు కాస్తున్నరు. అక్క జెప్పిందే కరెక్టు."

ఎప్పుడు తెలిసిందిరా అన్నాను. ఆ రోజు రైలెక్కే ముందే తెలిసిందన్నాడు. మరి ఎందుకురా ఈ అలక, అక్క అక్కడ ఏడుస్తున్నదిరా అన్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందన్నట్టు ఇంటి మాట చెప్పడానికి వాడికి నోరు రాలేదు. నేను ఊరుకోలేదు. చివరికి చెప్పాడు.

ఆ రోజు బల్ల దగ్గరికి వచ్చి నువ్వు వాడితో మరాఠీలో మాట్లాడావట. నలుగురిలో మరాఠీ మాట్లాడితే తప్పు లేదు. కానీ వాణ్ణి "తుమ్హీ" అన్నావట. మీరు కార్డు వెనక్కి తీసుకోండి, మీరు కూర్చోండి అన్నావట. వాడి ముఖం కూడా చూడలేదట. చుట్టూ ఉన్నవాళ్ళకు వాడు నీ తమ్ముడని తెలియదు. నువ్వు చెప్పలేదు. మన తెలుగు యాసతో వాడు మాట్లాడే మరాఠీకి అంతకుముందే ఎవరో నవ్వారట. అక్కకు నేనంటే సిగ్గేమో అనుకున్నాడు. చెప్తూ చెప్తూ తల దించుకున్నాడు.

"బాపు, పెద్దబాపు మీరు మీరు అనుకున్నట్టే గద బాపమ్మా" అన్నాడు.

ఆ మాటకు నా చేతిలో కార్డులు కింద పెట్టేశాను. మీ పెద్దబాపు వెంకట్రాములు, మీ బాపు సుభాష్ ఒకే కంచంలో తిన్న పిల్లలు. చేను పంపకం రోజు భూమి లెక్కలు రాసే తలాఠీ దఫ్తర్లో మీ బాపు "మీరు ముందు సంతకం పెట్టుర్రి" అన్నాడు అన్నతో. అక్కడున్నవాళ్ళు మర్యాద అనుకున్నారు. నాకు మాత్రం సంగతి అర్థమైంది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మీరే. పెళ్ళిళ్ళలో పక్కపక్కన కూర్చుంటారు, "మీరు వడ్డించుకోండి" అంటారు. గొడవ లేదు, గోల లేదు. తిట్టుకున్న అన్నదమ్ములు మళ్ళీ కలుస్తారు తల్లీ. మర్యాద ఇచ్చుకున్నవాళ్ళు కలవరు. నేను తల్లినై ఉండి ఏమీ చేయలేకపోయాను.

మన ఇళ్ళలో తల్లినీ నువ్వే అంటాం, దేవుణ్ణీ నువ్వే అంటాం. పంచ్ ఎట్లా మాట్లాడాలో నాకు తెలియదు. కానీ నా కళ్ళ ముందు ఇంకొక జత అట్లా కావడం నేను చూడలేను. వాడి చదువు పోయినా కొంత దుఃఖం. ఇది పోతే నేను బతకలేను. నీ మీద కోపంతో రాయడం లేదు. భయంతో రాస్తున్నాను.

నీ బాపమ్మ

*

నాందేడ్
2 డిసెంబర్

బాపమ్మా,

నీ ఉత్తరం దుకాణంలో చదివాను. చదవకుండా సాయంత్రం దాకా ఆగలేకపోయాను. అద్దాలు తీసుకోవడానికి వచ్చిన పెద్దమనిషి నాకే మంచినీళ్ళు ఇచ్చాడు.

సిగ్గు కాదు. వాడంటే నాకు సిగ్గా? వాడు గెలుస్తూ పోతుంటే ప్రతి బల్ల దగ్గరా "చూడండి, మా వాడు" అనాలని నోటి దాకా వచ్చింది. చెప్తే పంచ్ తమ్ముడని పేరొస్తుంది, రేపు వాడు గెలిచినా అక్క గెలిపించిందంటారని నోరు మూసుకున్నాను. పంచ్‌లు ఇద్దరు ఆటగాళ్ళతో ఒకేలా మాట్లాడాలని గజానన్ కాకా మొదటి రోజే చెప్పాడు. పూనమ్‌ను "తుమ్హీ" అన్నాను కాబట్టి వీణ్ణీ అన్నాను. వాడి ముఖం చూడలేదన్నది నిజం. చూస్తే నాకు ఏడుపు వచ్చేది. వాడు ఓడిపోతున్నాడని నాకు ముందే తెలుసు కదా.

బాపు, పెద్దబాపు సంగతి నాకు కొంతే తెలుసు. సంక్రాంతికి పెద్దబాపు వస్తే బాపు లేచి నిలబడేవాడు. అది గౌరవం అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ నిలబడటం తలుచుకుంటే భయంగా ఉంది.

నా తరఫున వాడికి నువ్వు ఏమీ చెప్పకు. "అక్క ఇట్లా అనుకోలేదట" అని నువ్వంటే వాడు ఊఁ అంటాడు, లోపల అట్లాగే ఉంటుంది. మాట జారింది పదిమంది ముందు. దాన్ని నేను పదిమంది ముందే సరిచేయాలి. పద్నాలుగో తారీఖు ఇక్కడ ఇంకొక పోటీ ఉంది. వాడి పేరు రాయించాను. ఎట్లాగైనా పంపించు. బతిమాలుతావో, బెదిరిస్తావో, నీ ఇష్టం.

నీ దీపాలి

*

ధర్మాబాద్
9 డిసెంబర్

దీపాలికి,

వాడు శనివారం సాయంత్రం బండికి వస్తాడు. ఎట్లా ఒప్పించావని అడగకు. ఇద్దరు కావలివాళ్ళను పెట్టుకుని వరుసగా ఓడించాను. "నాతోనే ఓడిపోతున్నవ్, గిర్నిల కూసో, నాందేడ్ ఎందుకు నీకు" అన్నాను. పౌరుషం వచ్చి సంచి సర్దుకున్నాడు. నీ రూలు మంచిదే. నాకు బాగా పనికొచ్చింది.

వాడు ఎక్కువ మాట్లాడకపోతే నొచ్చుకోకు. వేడన్నం పెట్టు. తెల్లకోడి పిల్లలు చేసింది, చూడటానికి ముద్దుగా ఉన్నాయి, చేతికి మాత్రం చిక్కవు.

బాపమ్మ

*

నాందేడ్
15 డిసెంబర్

నా బంగారు బాపమ్మకు దీపాలి పెట్టే అనేక దండాలు.

శనివారం స్టేషన్‌కు వెళ్ళాను. వాడు దిగి "ఎందుకచ్చినవ్" అన్నాడు, అంతే. వేడన్నం పెట్టాను. తిన్నాడు, కంచం కడిగాడు, పడుకున్నాడు. పొద్దున మాత్రం వాడు తిన్నాడో లేదో పక్కన కూర్చుని మరీ చూశాను.

పోటీలో రెండో ఆటకే పేచీ వచ్చింది. పర్భణి నుంచి వచ్చిన ఒక అబ్బాయితో ఆడుతున్నాడు. నీ మనవడు "నా వంతు అయిపోయింది" అని నోటితో చెప్పాడు. చెప్పిన మరుక్షణమే ఇంకొక మంచి కార్డు వేయాల్సింది మరిచానని గుర్తొచ్చి దాన్ని బల్ల మీద పెట్టాడు. ఎదుటివాడు చెయ్యెత్తి పంచ్ అన్నాడు. అందరూ నా వైపు చూశారు. పోయినసారి ఏమైందో కొందరికి గుర్తుంది. పూనమ్ కూడా అక్కడే నిలబడి ఉంది.

నేను బల్ల దగ్గరికి వెళ్ళాను. వాడు తల ఎత్తలేదు. మరాఠీలో గట్టిగానే చెప్పాను బాపమ్మా. ఇతను అనికేత్, నా సొంత తమ్ముడు, ఇతని ఆటకు నేను పంచ్‌గా ఉండను, గజానన్ కాకా రావాలి అన్నాను. మెడలోని పంచ్ బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాను. కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చున్నాను. అప్పుడు మన భాషలో, అందరూ వింటుండగా అడిగాను.

"ఏమైందిరా అనీ? ఏం జేసినవ్?"

వాడు తల ఎత్తి చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జరిగిందంతా తెలుగులో గడగడ చెప్పాడు. చుట్టూ ఎవరికీ అర్థం కాలేదు, ఎవరూ నవ్వలేదు.

గజానన్ కాకా వచ్చి విన్నాడు. వంతు అయిపోయిందని నోటితో చెప్పాక ఇంకొక కార్డు వేయకూడదని తీర్పు చెప్పాడు. సరైన తీర్పే. నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. అయినా ఊరుకోలేకపోయాను. ఎదుటివాడు ఇంకా తన కార్డు తీయనేలేదు కదా అన్నాను. ఒక్క క్షణం కూడా కాలేదు కదా అన్నాను. పిల్లవాడు నిన్ననే రైల్లో వచ్చి అలిసిపోయి ఉన్నాడు, ఆ మాత్రం చూడరా అన్నాను. లేచి నిలబడి చేతులు ఊపుతూ పోట్లాడాను. కాకా అద్దాలు పైకి జరిపి నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. పోయిన నెల ఇట్లాంటి పేచీకే నువ్వు ఇదే తీర్పు ఇచ్చావు కదా దీపాలీ అన్నాడు.

"అప్పుడు ఆ అబ్బాయి వేరేవాళ్ళ తమ్ముడు కాకా" అన్నాను.

దుకాణమంతా నవ్వింది. పూనమ్ అందరికంటే గట్టిగా నవ్వింది. అనికేత్ నా కొంగు పట్టుకుని కుర్చీలోకి లాగాడు.

"ఊకో అక్కా. తప్పు నాదే. ఇజ్జత్ దీస్తున్నవ్."

ఆ ఆట ఓడిపోయాడు. తర్వాతి ఆట కూడా ఓడిపోయాడు, దానికి మాత్రం నా అల్లరే కారణమన్నాడు. కాకా పంచ్ బిళ్ళ తిరిగి ఇచ్చాడు గాని అనికేత్ ఆడే రోజుల్లో బిళ్ళ గల్లాపెట్టెలో ఉంటుందని, నేను ఆ బల్లకు నాలుగు గజాల దూరంలో ఉండాలని కొత్త రూలు పెట్టాడు. ఒప్పుకున్నాను.

ఇవాళ పొద్దున వాడు క్లాసుకు వెళ్ళాడు. పోయిన పాఠాలు దోస్తుల దగ్గర రాసుకుంటానన్నాడు. బాపుతో నువ్వే చెప్పు, సంచులు మోయడానికి వేరే మనిషిని చూసుకోమని.

నిన్న సాయంత్రం దుకాణం మూసేశాక ఇద్దరం నడుచుకుంటూ గదికి వచ్చాం. కూరగాయలు కొన్నాం. గది దగ్గర పడ్డాక వాడు ఉన్నట్టుండి అడిగాడు.

"నువ్వే పంచ్‌వి ఉంటే ఏం జెప్తుంటివి అక్కా?"

"కాకా జెప్పిందే జెప్తుంటి."

"తెల్సు" అన్నాడు. నా చేతిలోని సంచి తీసుకుని ముందు నడిచాడు.

నీ
దీపాలి